తిరిగి వెళ్లిన చేపల గిన్నె

ప్రశ్న: అక్కా, మాది హనుమకొండ. మా ఆయనకు బదిలీ అయి కిందటి జూన్‌లో భీమునిపట్నం వచ్చాం. ఊరు బాగానే ఉంది గాని, మా సందులోని మనుషులతో వేగలేకపోతున్నాను. ఎదురింటి పెద్దాయన తెల్లవారుజామున మూడున్నరకే డాబా ఎక్కి, గాలి ఎటు తిరిగిందో సందంతా వినపడేలా అరుస్తాడు. వేట నిషేధంతో పడవలన్నీ ఒడ్డునే ఉన్న ఈ రోజుల్లోనూ ఆ అరుపులు మానలేదు. ఇంకొకాయన ఇనుప కడ్డీ, బుట్ట పట్టుకొని రాళ్ల వైపు పోతాడు, ఒక వేళంటూ లేదు. అనుమానం వచ్చి పుస్తకంలో రాసి చూశాను: సోమవారం ఆరింటికి, మంగళవారం ఆరూ యాభైకి, బుధవారం ఏడూ నలభైకి, గురువారం ఎనిమిదిన్నరకు. మూడో ఆయన ఇంటి ముందు నాలుగు డ్రమ్ముల నిండా నీళ్లు పట్టి, వాడకుండానే పారబోసి మళ్లీ నింపుతుంటాడు. ఒక మేస్త్రీ ఆదివారం పూట డచ్చివాళ్ల సమాధుల దగ్గర గడ్డి పీకుతూ వాళ్లతో మాట్లాడతాడు. పక్కింట్లో చేపలమ్మే ముసలమ్మ మేం దిగిన కొద్ది రోజులకే ఒక గిన్నెలో చేపలు పెట్టి మా గుమ్మంలో ఉంచి పోయింది. మాకు చెరువు చేప అలవాటే గాని ఆ వాసన పడక, గిన్నెను అలాగే తీసుకుపోయి ఆమె అరుగు మీద పెట్టి వచ్చాను. అప్పటి నుంచి నాతో మాట్లాడదు, కానీ రోజూ పొద్దున మా గేటు ముందు ఆగి ఏదో గొణిగి పోతుంది. మా సందులో సముద్రం మొదట కనపడేది మా గేటు దగ్గరే, అక్కడే జనమంతా ఆగుతారు. మా బాబుకు తొమ్మిదేళ్లు, వాడికి వీళ్లంటేనే ఇష్టం. మొన్న పెద్దాయన కొడుకు మమ్మల్ని అడగకుండానే వాడిని తెప్ప మీద అలల అవతలికి తీసుకుపోయాడు. వాడికి ఈత వచ్చు, మా అమ్మ వాళ్ల ఊళ్లో బావిలో నేర్చుకున్నాడు. అయినా వాడూ వీళ్లలాగే తయారవుతాడేమోనని భయంగా ఉంది. తిరిగి వరంగల్‌కు బదిలీ పెట్టుకోమని మా ఆయనను అడగమంటారా?

సమాధానం: చెల్లెమ్మా, మీ ఉత్తరంలో ఇంతమంది మీద ఇన్ని ఫిర్యాదులున్నా, నిజంగా ఫిర్యాదు అనదగినది నాకు ఒక్కటే కనిపించింది, దాన్ని మీరు చివర్లో రెండు ముక్కల్లో రాసి వదిలేశారు. తొమ్మిదేళ్ల పిల్లవాడిని తల్లిదండ్రులను అడగకుండా అలల అవతలికి తీసుకుపోవడం వింత అలవాటు కాదు, తప్పు. ఆ అబ్బాయికి పుట్టినప్పటి నుంచీ తెలిసిన నీళ్లు గనుక, మనం పిల్లవాడిని సైకిలు ముందు కూర్చోబెట్టుకొని చౌరస్తా దాకా తిప్పి తెచ్చినట్టే అతనికి అనిపించి ఉంటుంది. దురుద్దేశం ఉందని నేను అనుకోను. అయినా మీ ఆయన ఇవాళే వెళ్లి, కోపంగానూ కాకుండా నవ్వులాటగానూ కాకుండా, మాకు చెప్పకుండా బాబును నీళ్లలోకి తీసుకుపోవద్దని అతనితోనే చెప్పాలి.

బావిలో నేర్చిన ఈతను నమ్ముకోవద్దు. నేనూ వీపుకు బెండు కట్టుకొని మా మేనమామ వాళ్ల వ్యవసాయ బావిలోనే ఈత నేర్చినదాన్ని, అందుకే చెబుతున్నాను. బావి నీరు ఉన్నచోటే ఉంటుంది, నాలుగు బారలు వేస్తే మెట్టు చేతికి అందుతుంది. సముద్రంలో అలా కాదు. ఒడ్డుకు వచ్చి పడిన నీరంతా ఒక్కోచోట సన్నని పాయగా కూడి బలంగా లోపలికి మళ్లుతుంది, ఆ పాయలో చిక్కిన మనిషి ఒడ్డుకేసి ఎంత ఈదినా ముందుకు రాలేక అలిసిపోయి మునుగుతాడు. అలాంటప్పుడు ఎదురీదకుండా, ఒడ్డు వెంబడే పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు తిరగాలి. ఈ మాట మీ బాబుకు మీరు చెప్పడం కంటే ఆ పెద్దాయన చేత చెప్పించండి, వాడు జన్మలో మరచిపోడు.

ఇక గిన్నె సంగతి. అమ్మా, మీరు మొదటి నుంచి చివరి దాకా వాళ్ల వింతలన్నీ రాస్తూ పోయారు గాని, ఆ సందులో ఈ ఏడాదిలో జరిగిన అన్నింటికన్నా వింత పని మీరు చేసిందే. మనవైపు బోనాలకో సంక్రాంతికో పొరుగింటి నుంచి గిన్నె వస్తే, అందులోది మనకు నచ్చినా నచ్చకపోయినా, గిన్నె కడిగి, ఖాళీగా పంపకూడదని కనీసం గుప్పెడు చక్కెరో రెండు పండ్లో వేసి పంపుతాం. ఇది మీకు తెలియనిది కాదు, మీ అమ్మగారు మీ చేతనే పంపించి ఉంటారు. వాసన మీద పడిన ధ్యాసలో అది గిన్నె అన్న సంగతి మరచిపోయారు.

ఆ చేపలు ఎక్కడివో కూడా ఒకసారి ఆలోచించండి. మీరు జూన్‌లో దిగారు. తూర్పు తీరంలో మర పడవల వేటకు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ నియమం. రెండు నెలలు చేతిలో పైసా ఆడని ఇళ్లకు నిషేధం ముగిశాక వచ్చే మొదటి వేట అంటే మనకు కొత్త పంట ఇంటికి వచ్చినట్టు. వలలో పడిన చేప ఒకరి సొత్తు కాదు, పడవకు ఒక వాటా, వలకు ఒక వాటా పోగా మిగిలింది మనుషులు పంచుకుంటారు. ఆ వచ్చిన దాన్ని ఆడవాళ్లు గంపకెత్తుకొని వీధి వీధి తిరిగి అమ్మితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. కాబట్టి ఆమె మీ గుమ్మంలో ఉంచిన ప్రతి చేపా అమ్మితే డబ్బు వచ్చే చేప. దాన్ని అమ్మకుండా, పేరైనా తెలియని ఇంటికి పెట్టింది. మరునాడు పొద్దున తలుపు తీసేసరికి మూత కూడా తీయని గిన్నె అరుగు మీద ఉంది. నేనైతే ఆమెలా ఊరుకోను, సందు చివరి దాకా వినపడేలా అడిగేదాన్ని.

ఆమె గొణిగేది మిమ్మల్ని తిట్టడానికే అని మీరు అనుకున్నట్టున్నారు. సముద్రం మొదట కనపడేది మీ గేటు దగ్గరేనని, జనమంతా అక్కడే ఆగుతారని మీరే రాశారు కదా. గంగమ్మను నమ్ముకొని బతికే మనిషి, తెల్లారి నీళ్లు కంట పడిన చోట నిలబడి ఒక దండం పెట్టుకుంటే, ఆ చోటు మీ గేటు ముందు ఉండటం ఆమె తప్పు కాదు, మీ ఇంటిని అక్కడ కట్టినవాళ్ల పుణ్యం.

నా సంగతి ఒకటి చెబుతాను. 1988లో మా ఆయన ఉద్యోగం వల్ల వంశధార సముద్రంలో కలిసే చోట ఉన్న కళింగపట్నంలో రెండేళ్లు కాపురం ఉన్నాను. వెళ్లిన నాలుగో రోజు తెల్లవారకముందే వాకిలి ఊడుస్తుంటే పక్కింటాయన తెడ్డు భుజాన వేసుకొని పోతున్నాడు. పలకరించడం మర్యాద అనుకొని, "ఎక్కడికి అన్నా ఇంత పొద్దున్నే?" అన్నాను. ఆయన అప్పటికి సగం దూరం పోయినవాడు ఆగి, ఒక్క మాట మాట్లాడకుండా వెనక్కి వచ్చి, కాళ్లు కడుక్కొని, లోపల పీట మీద కాసేపు కూర్చొని, మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరాడు. ఒడ్డున మిగతా పడవలు అలలు దాటిపోయాయి, ఈయన తోటివాళ్లు మాత్రం ఈయన కోసం చీకట్లో పడవ పట్టుకొని నిలబడ్డారు. బయలుదేరే మనిషిని ఎక్కడికని అడగకూడదని మన ఇళ్లలో మాత్రం లేదా? మా అమ్మమ్మ దానికి నా వీపు మీద ఒకటి వేసిన రోజులు కూడా ఉన్నాయి. అయినా ఊరు మారగానే మన ఇంటి బుద్ధి మన వెంట రాలేదు.

ఎదురింటి పెద్దాయన అరుపుల గురించి రాసింది చదివి మాత్రం నాకు మా నాన్న గుర్తుకు వచ్చాడు. మా నాన్న వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. రోజంతా మగ్గాల చప్పుడులో, పక్క మగ్గం మీది మనిషికి వినపడేలా మాట్లాడి మాట్లాడి, ఇంటికి వచ్చి ఉప్పు అడిగినా అది కొట్లాటలాగే ఉండేది. మా వాడకట్టులోకి కొత్తగా కిరాయికి వచ్చిన ఒక కుటుంబం, మా ఇంట్లో పొద్దస్తమానం జగడం జరుగుతోందనుకొని మూడు నెలలు మా అమ్మను జాలిగా చూసింది. నాన్న మగ్గం దిగిన తర్వాత పదేళ్లు బతికాడు, గొంతు మాత్రం మగ్గం దిగలేదు.

మీ పెద్దాయన గొంతు కూడా అలాంటిదే. రాత్రి నేల చల్లబడ్డాక గాలి నేల మీది నుంచి సముద్రం వైపు మళ్లుతుంది, పగలు ఎండకు నేల కాగాక సముద్రం మీది నుంచి ఒడ్డుకు వీస్తుంది. తెరచాప మీద బతికిన రోజుల్లో తెల్లవారుజామున నేల గాలి పట్టుకొని లోపలికి పోయి, మధ్యాహ్నం సముద్రపు గాలితో తిరిగి వచ్చేవాళ్లు. ఆ గాలి మళ్లిన ఘడియ తప్పితే వేటే తప్పినట్టు. అలాంటి కాలంలో గాలి చూసి నలుగురినీ లేపిన మనిషి మీద ఊరు నడిచి ఉంటుంది. ఇప్పుడు ఇంజన్లు వచ్చాయి, గాలి సంగతి, అలల సంగతి, చేపలు ఏ వైపు దొరికే వీలుందన్న సంగతి కూడా ఫోన్లలోకి వస్తోంది. ఆ కబురు పంపేది ఎక్కడి నుంచో తెలుసా? సముద్రమే లేని మన రాష్ట్రం నుంచి. భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం ఉన్నది హైదరాబాదు ప్రగతినగర్‌లో. ఆ పెద్దాయన చేతిలోని పనిని మన ఊరివాళ్లే తీసుకున్నారన్న మాట. అందుకని ఆయనను అరవొద్దని అడగకండి. ఒక సాయంత్రం మీరిద్దరూ వెళ్లి, "తాతగారూ, ఇవాళ గాలి ఎటు?" అని మీరే అడగండి, అడిగేవాళ్లు దొరికిన మనిషి చీకట్లో డాబా ఎక్కాల్సిన అవసరం కొంత తగ్గుతుంది. బాబుకు పరీక్షలున్న వారం మాత్రం ఆ మాట చెప్పి కాస్త నెమ్మదిగా అనమంటే తప్పు పట్టరు. పడక గదిని వెనక వైపుకు మార్చుకోవడం కూడా ఒక ఉపాయమే, అది మీ చేతిలోనే ఉంది.

ఇనుప కడ్డీ ఆయన విషయంలో మీ పుస్తకానికే నేను దండం పెట్టాలి. ఆరు, ఆరూ యాభై, ఏడూ నలభై, ఎనిమిదిన్నర. వేళ లేదని రాశారు, కానీ రోజుకు సరిగ్గా యాభై నిమిషాలు జరుగుతూ పోయే వేళ అది. చంద్రుడి వల్ల సముద్రానికి ఆటుపోట్లు రోజుకు రెండుసార్లు వస్తాయి. నిన్నటి పోటు ఇవాళ సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, నీళ్లు తగ్గే పాటు కూడా అంతే. నీళ్లు తగ్గి రాళ్లు బయటపడినప్పుడే పీతలో గుల్లలో దొరికేది, కాబట్టి ఆయన గడియారం గోడ మీద ఉండదు. ఈసారి అమావాస్యకు, పున్నమికి చూడండి, నీళ్లు మామూలు కంటే బాగా వెనక్కి పోతాయి, ఆయన బుట్ట కూడా మామూలు కంటే నిండుగా వస్తుంది. బాబుకు ఆ పుస్తకం ఇచ్చి వచ్చే వారం వేళలు ముందే లెక్క కట్టమనండి, సెలవుల్లో ఇంతకంటే మంచి లెక్క దొరకదు.

అయితే ఒక మాట అడుగుతాను, నొచ్చుకోవద్దు. నాలుగు రోజులు వరసగా ఒక మనిషి పోయే వేళను నిమిషాలతో సహా రాసిపెట్టారంటే, ఆ నాలుగు రోజులూ మీరు కిటికీ దగ్గరే కూర్చున్నారన్న మాట. ఉత్తరమంతా వెతికాను, మీరు ఒక్కరి గుమ్మం ఎక్కినట్టు గాని, ఒక్కరు మీ ఇంట్లో చాయ తాగినట్టు గాని ఎక్కడా లేదు. ఆ సందులోవాళ్లను, మీలో వింత మనిషి ఎవరని నేను వచ్చి అడిగితే, చేపల గిన్నె వాపసు పెట్టి, కిటికీలో కూర్చొని వచ్చేపోయేవాళ్ల వేళలు రాసుకునే తెలంగాణ ఆవిడ ఇంటికే వేలు చూపిస్తారేమోనని నా అనుమానం. మిమ్మల్ని తప్పు పట్టడానికి కాదు ఈ మాట. కొత్త ఊళ్లో ఒంటరిగా ఉన్నప్పుడు మనుషులు దూరం నుంచి కనపడతారు, దూరం నుంచి చూస్తే ఎవరైనా వింతగానే ఉంటారు.

డ్రమ్ముల ఆయనను వదిలేయండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను గంటకు 170 కిలోమీటర్లు దాటిన గాలితో విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు, ఆ ప్రాంతమంతా రోజుల తరబడి కరెంటు లేక, నీళ్లు లేక అల్లాడింది. అప్పుడు బిందె నీళ్ల కోసం నిలబడినవాళ్లు ఇప్పటికీ నీళ్లు నిల్వ పెట్టుకుంటే మనకేం పోయింది? పారబోసి మళ్లీ నింపుతున్నాడంటే దోమలు పెరగకుండా చూసుకుంటున్నాడని అర్థం, వీలైతే మీరూ ఒక డ్రమ్ము కొనుక్కోండి.

మేస్త్రీ గురించైతే నాకు సంతోషించడం తప్ప చెప్పడానికి ఏమీ లేదు. 17వ శతాబ్దంలో వర్తకానికి వచ్చి, 1825లో ఆ ఊరిని ఇంగ్లీషువాళ్లకు అప్పజెప్పి పోయిన డచ్చివాళ్ల సమాధులవి. వాళ్లవాళ్లెవరూ వచ్చి గడ్డి పీకరు. ఈయన పీకుతూ రెండు మాటలు మాట్లాడితే తప్పేముంది? మేడారంలో మనం మనిషిని తక్కెడలో ఒక వైపు కూర్చోబెట్టి, రెండో వైపు బెల్లం తూచి, దాన్ని నిలువెత్తు బంగారం అని సమ్మక్క సారలమ్మలకు ఇస్తాం. ఆ మేస్త్రీని తీసుకువచ్చి ఆ తక్కెడ ముందు నిలబెడితే ఆయన తన ఊరివాళ్లకు ఏమని ఉత్తరం రాస్తాడో ఊహించుకోండి.

బాబు వాళ్లలాగే తయారవుతాడన్న భయానికి నా దగ్గర మందు లేదు, ఎందుకంటే వాడు తప్పకుండా కొంత అలా తయారవుతాడు. ఈపాటికి ఏమిటి అనడానికి "ఏటి", తొందరగా అనడానికి "బేగి" అనడం మొదలుపెట్టే ఉంటాడు. వాళ్లు వాడిని గుంటడు అంటే ఉలిక్కిపడకండి. మనకు గుంట అంటే భూమి కొలత, వాళ్లకు పిల్లవాడు. మీ పనల్లా వాడు ఇంట్లో మన మాట మరచిపోకుండా చూడటమే. పైగా ఆనపకాయను వాళ్లూ ఆనపకాయే అంటారు, మధ్యలోని కృష్ణా గుంటూరు వాళ్లే సొరకాయ అంటారు. అంగట్లో ఆ ఒక్క మాట వినపడినా కొంత మన ఊరు వినపడినట్టు ఉంటుంది.

బదిలీ మాట ఇప్పుడు ఎత్తవద్దు. తెప్ప సంగతి తేల్చిన తర్వాత మిగిలిన వాటిలో ఊరు విడిచి రావలసినంత కారణం ఒక్కటీ లేదు, వచ్చే సంవత్సరం ఇదే కాలానికి కూడా మీకు ఇలాగే ఉంటే అప్పుడు అడగండి, నేనే అడగమంటాను. ఇంటి మీద బెంగ పుడితే మీ అమ్మగారిని పిలిపించుకోండి. గోదావరి ఎక్స్‌ప్రెస్ కాజీపేటలో సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో దిగుతారు, అక్కడి నుంచి సముద్రం పక్కన ముప్పై కిలోమీటర్ల లోపే మీ ఊరు.

అమ్మగారు వచ్చినప్పుడు సకినాలు చేయండి. సంక్రాంతి కాదే అనుకోవద్దు, అక్కడ ఎవరూ అడగరు. బియ్యం రాత్రి నానబెట్టి, పొద్దున వడకట్టి తడి మీదే పిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు వేసి కలపండి. వంటింట్లో కాకుండా ముందు అరుగు మీదే పాత ధోవతి పరచి చుట్టడానికి కూర్చోండి. పిండిని వేళ్ల మధ్య మెలి తిప్పుతూ వలయం చుట్టూ వలయం వేస్తుంటే చూడకుండా పోగలిగిన ఆడమనిషిని నేను ఇంతవరకు చూడలేదు, వలలు అల్లే ఇళ్లలో పుట్టిన మనిషి అసలే పోదు. ఆమె ఆగితే పీట వేయండి. ఆగకపోతే, కాల్చిన సకినాలు చల్లారాక మీ ఇంటి గిన్నెలోనే, మూత పెట్టి, మీరే పట్టుకొని వెళ్లండి. బాబు చేత పంపవద్దు. "ఆ రోజు నాకు తెలియక చేశాను అమ్మా" అని ఒక్క మాట అనండి, అంతకు మించి సంజాయిషీ అక్కర్లేదు. నిషేధం ఇంకా ఉంది కనుక ఆ ఇంట్లో చేతులు ఖాళీగా ఉండే రోజులివి, ఇప్పుడు వెళ్లిన గిన్నె బాగా గుర్తుంటుంది.

గిన్నె మాత్రం వెంట తెచ్చుకోకుండా అక్కడే వదిలి రండి. జూన్ 14 దాటాక ఒక పొద్దున అది మీ గుమ్మంలోకి తిరిగి వస్తుంది, ఖాళీగా రాదు. మూత తీసి చూసి, ముళ్లు తక్కువ, వాసన తక్కువ అని చందువ చేపతో మొదలుపెట్టాలని ఉందని చెప్పి, ఎలా కడగాలో, పులుసులో చింతపండు ఎంత వేయాలో ఆమెనే అడగండి.